పోలమ్మను అడిగి ఆడిన ఆట

మొన్న మా వీధి చివర మెకానిక్కు తన కొట్టు ముందు దుమ్ము లేవకుండా వాడేసిన ఇంజను ఆయిలు చల్లుతున్నాడు. ఎండకి కాగిన ఇసుక మీద పడగానే ఆ వాసన గుప్పుమంది. పక్కనున్న మా కోడలు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గబగబా నడిచింది. నేను మాత్రం హాయిగా ఊపిరి పీలుస్తూ నిలబడిపోయాను. "అత్తయ్యా, ఏమిటది, మల్లెపూలా?" అంటూ నవ్వింది. మల్లెపూల కంటే ఎక్కువే. నాకు నలుగురిలో మెలగడం నేర్పిన మనిషి చేతులు ఎప్పుడూ ఆ వాసనే వేసేవి.

అరవైల మొదట్లో నెల్లూరు జిల్లా కోట ఊరి దగ్గర ఒక మిషన్ బడికి యేసురత్నం గారు హెడ్మాస్టరు. నేను ట్రైనింగు ముగించి కొత్తగా చేరిన లెక్కల టీచర్ని. బడి వేళల్లో ఆయన మెడలో టై, బడి వదిలాక మోకాళ్ల దాకా ఖాకీ నిక్కరు. కుర్రతనంలో ఆయనకి గోల్ఫు నేర్పిన విదేశీ డాక్టరొకాయన దేశం వదిలి పోతూ తన కర్రల సంచీ ఈయనకి ఇచ్చేసి పోయాడట. ఆ సంచీ పుణ్యమా అని సముద్రం వైపు, సరుగుడు తోపు పక్కన ఇసుక బీడులో తొమ్మిది గుంతలతో ఒక క్లబ్బు వెలిసింది. ఇద్దరు డాక్టర్లు, ఒక వకీలు, గూడూరు వైపు మైకా గనుల మేనేజర్లు కొందరు అందులో సభ్యులు. చిన్న తెల్లబంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి, గుంతలన్నీ ఎవరు తక్కువ దెబ్బల్లో పూర్తిచేస్తే వాళ్లదే గెలుపు. చుట్టుపక్కల పాలేల్లో దాన్ని గుంతలాట అనేవారు. వేరే చోట్ల గుంత చుట్టూ పచ్చిక ఉంటుందట. మా ఉప్పుగాలికి పచ్చిక ఎక్కడ బతుకుతుంది? అందుకని ఇసుకలో ఆయిలు కలిపి, గోనెపట్టా ఈడ్చి చదును చేసేవారు. గుంతలో ఖాళీ పాలడబ్బా, పోటీ నాడు పక్కన ఎర్రజెండా. ఇంతా చేసి ఆయన ఆట అంతంతమాత్రమే. ఏటా చలికాలం వెళ్లేముందు ఒక శనివారం జరిపే పోటీ అంటే మాత్రం ప్రాణం. నెల్లూరు నుంచీ మద్రాసు నుంచీ కూడా ఆటగాళ్లు వచ్చేవారు.

లెక్కలు వచ్చు కదా అని మొదటి ఏడే నన్ను స్కోరు బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడ నాకు ఒళ్లు మండింది. ఆట సరిగ్గా రానివాళ్ల దెబ్బల్లోంచి ముందే కొన్ని తీసేసి మరీ లెక్క వేయాలట! "ఇదేం న్యాయం సార్? చదవని పిల్లాడికి పరీక్షకి ముందే పది మార్కులు వేసినట్టుంది" అని తగువు పెట్టుకున్నాను. అప్పుడు నేను అంతే, తప్పనిపిస్తే దేవుణ్ణయినా నిలదీసే రకం. ఆయన ఆయిలు చేతులు ఇసుకతో రుద్దుకుంటూ, "సుగుణమ్మా, నెత్తిన గడ్డిమోపుతో ఒకామె, ఉత్తచేతుల్తో ఒకామె. ఇద్దరూ సంతకి ఒకేసారి చేరాలంటే ఏం చేయాల?" అని అడిగారు. మోపు దించాలన్నాను. "దించే వీల్లేదు." కాసేపు ఆలోచించి, "అయితే మోపు ఉన్నామె ముందు బయల్దేరాలి" అన్నాను. "ఆ లెక్కే వెయ్యమంటుండా" అని కర్ర తీసుకుని వెళ్లిపోయారు. ఆ తరువాత నా తరగతిలో వెనకబెంచీ పిల్లలకి బెత్తం దెబ్బలు తగ్గాయి.

ఆ బీడు సర్కారు పోరంబోకు. పాలెం వాళ్ల గొర్రెలూ మేకలూ మేసేది అక్కడే. పోటీకి ముందు గురువారం ఆయన తప్పకుండా పోలమ్మ ఇంటికి వెళ్లేవారు. జీవాలున్న ఇళ్లన్నిటికీ ఆమే పెద్దదిక్కు. మనిషి పీలగా ఉండేది గానీ నోరు ఊరంత. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. "శనివారం ఒక్కపూట జీవాల్ని తోపు అవతల మేపుకుంటారా అమ్మా? సందేళకి జెండాలు పీకేస్తాం" అన్నారాయన. "ఏటా అడిగేదేందయ్యా, ఆడుకోండి పో. బంతొచ్చి మా మేకకి తగిలిందా, నీ గుండు పగలగొడతా" అంది పోలమ్మ. తిరిగి వస్తూ, "ఆమె భూమీ కాదు, మన భూమీ కాదు. అడగడమెందుకు సార్?" అన్నాను. ఆయన దారిలోని గుంత దగ్గర వంగి, డబ్బాలో పడిన సరుగుడాకు ఏరసాగారు.

మూడో ఏడు సరిగ్గా పోటీ వారంలో ఆయనకి చలిజ్వరం పట్టుకుంది. "గురువారం నువ్వు పోలమ్మ దగ్గరికి పోయి రా తల్లీ" అని చెప్పారు. నాకేమో ఎవరితో ఎవరు ఆడాలో చీట్లు తీయాలి, భోజనాలు చూడాలి, నీళ్లకుండలు పెట్టించాలి. అది దండగ పని అనిపించింది. వెళ్లలేదు. ఆయన అడిగితే, "అన్నీ చూసుకున్నాను సార్" అన్నాను. అబద్ధానికి దగ్గర చుట్టం ఆ మాట. కొత్త రోడ్డు కోసం కొలతలవాళ్లు ఆ మధ్యనే పక్క పాలెం బీడులో అట్లాంటి ఎర్రజెండాలే పాతారనీ, ఆ వెనకనే ఆ బీడు చేజారిపోయిందనీ నాకు తెలియదు. శుక్రవారం సాయంత్రం మా జెండాలు పాతించాను. శనివారం పొద్దున కార్లు వచ్చి ఆగేసరికి తొమ్మిది జెండాలూ మొదటి గుంత దగ్గర కుప్పగా పడి ఉన్నాయి. వాటి చుట్టూ పాలెమంతా, మేకలతో సహా, కూర్చుని ఉంది.

క్లబ్బు అధ్యక్షుడైన వకీలు గారు పోలీసులకి కబురు పెట్టమన్నారు. ఆ మాట పూర్తి కాకముందే యేసురత్నం గారు దుప్పటి కప్పుకుని, వణుకుతూనే పోలమ్మ ముందుకి నడిచారు. "ఏందయ్యా, నువ్వూ అట్టాంటోడివేనా? మా బీడు కూడా కొలిచేస్తివే!" అంది పోలమ్మ. ఆయన తిరిగి నా వైపు ఒక్కసారి చూశారు. నేను తల దించుకున్నాను. ఆయన చేతులు జోడించి, "తప్పు నాదమ్మా. ఈ ఏడు అడగకుండా వచ్చినాం. వద్దంటే ఇప్పుడే ఎత్తేసి పోతాం" అన్నారు. మద్రాసు నుంచి వచ్చినవాళ్లు కర్రల సంచులతో నిలబడి చూస్తున్నారు. పోలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, "జొరంతో వచ్చినావా?" అంది. పక్కనున్న మేకని అవతలికి తోసి, "ఆడుకోండి. జెండాలు మాత్రం నేల్లో పాతేది లేదు. మావోళ్లే పట్టుకుంటారు" అని తేల్చింది. ఆ రోజు తొమ్మిది గుంతల దగ్గరా తొమ్మిది మంది ఆడవాళ్లు జెండాలు పట్టుకుని నిలబడ్డారు. బంతి దగ్గరికి వస్తే పక్కకి జరిగేవారు. గుంతలో పడితే కేకలు, పడకపోతే తిట్లు. అంత సందడిగా ఎక్కడా ఆడలేదని మద్రాసు వాళ్లే అన్నారు. నేను ఏడుపు దిగమింగుకుంటూ కూడికలు వేశాను.

సాయంత్రం ఆయన దగ్గరికి వెళ్లి, "నేను వెళ్లలేదు సార్" అన్నాను. "తెలుసు. ఎందుకు పోవాలో నీకు చెప్పలేదు గదా. అందుకే తప్పు నాదని చెప్పినా" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

నెల తిరక్కుండానే కమిటీ కూర్చుంది. ఇట్లాంటి గొడవ మళ్లీ రాకుండా బీడుని క్లబ్బు పేర కౌలుకి అడిగి, చుట్టూ కంచె వేయాలన్నారు. అర్జీ సిద్ధంగా ఉంది. కార్యదర్శిగా ఆయన సంతకం ఒక్కటే తక్కువ. "ముందు పోలమ్మని అడగాల" అన్నారాయన. అందరూ నవ్వారు. ఆయన నా వైపు తిరిగి, "ఈసారి పోతావా?" అన్నారు. వెళ్లాను. కంచె గురించీ కౌలు గురించీ దాచకుండా అంతా చెప్పాను. పోలమ్మ నాకు మజ్జిగ ఇచ్చి, తాగేదాకా ఆగి, "అడిగేదానికి వస్తివి గాబట్టి చెప్తా ఉండా తల్లీ. వద్దు" అంది.

బడి వసారాలో ఎదురుచూస్తున్న ఆయనకి ఆ ఒక్క మాటే చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, "సరే" అన్నారు. సంతకం పెట్టలేదు. సభ్యులు అలిగి ఒక్కొక్కరే మానుకున్నారు. మరుసటి ఏడు పోటీ లేదు. ఆ పైన ఎప్పుడూ లేదు. మేకల కాళ్లు ఇరుక్కుంటాయని గుంతలన్నీ ఆయనే పూడ్చారు. నేనూ తట్టతో ఇసుక మోశాను. ఆఖరి గుంత దగ్గర ఉండబట్టలేక, "అడక్కుండా ఉంటే సరిపోయేది కదా సార్! ఏటా ఆడుకోమన్న మనిషి వద్దంటుందని ఎవరనుకున్నారు?" అన్నాను. ఆయన ఇసుకని కాలితో తొక్కి గట్టిపరుస్తూ, "వద్దనే దానికి వీలు లేకపోతే, అది అడగడం ఎట్టవుతాది తల్లీ?" అన్నారు.

ఆయన పోయి చాలా కాలమైంది. నేనూ హెడ్మిస్ట్రెస్‌నై, ఎందరి చేతో ఎన్నో పనులు చేయించి రిటైరయ్యాను. ఎవరినైనా ఏదైనా అడిగేముందు, వద్దంటే ఏం చేస్తానో ఆలోచించుకోవడం ఆయన దగ్గరే అలవాటైంది. ఆ జవాబుకి సిద్ధంగా లేని రోజు నోరు తెరవను. కాకపోతే, వద్దన్నప్పుడు "సరే" అనడం నాకిప్పటికీ తేలిగ్గా రాదు. ఆయనకీ రాలేదు, దగ్గరుండి చూసినదాన్ని.