పెగడపల్లి నుంచి వచ్చిన సైటేషన్

కోరుట్ల బస్సులో నా పక్కన కూర్చున్నాయన కూడా పరిశోధకుడే. పసుపు దుంపకుళ్లు మీద నేను రాసిన పేపర్ అడగగానే అనుమానమేసింది. నాది నువ్వు ఉదహరించు, నీది నేను ఉదహరిస్తాననే బేరం మాలో మామూలే. ప్రమోషన్ ఇచ్చేవాళ్లు సైటేషన్ల అంకె చూస్తారు గానీ, ఎవరు ఎందుకు ఉదహరించారో చూడరు.

"తర్వాత పేపర్ల మీది గిట ఉదహరించాల్నా సార్?" అన్నాను.

"వద్దు సార్. మీరు చెప్పిన మందు మా పెగడపల్లి చెలకల్ల పనిజేస్తదా అని చూస్త."

నమ్మకపోయినా పంపాను.

ఏడాదికి నా సైటేషన్ల అంకె ఒకటి పెరిగింది. ఉదహరించిన పేపర్ తెరిస్తే పెగడపల్లి ప్రయోగం. నా మందు అక్కడ పనిచేయలేదని వివరంగా రాశాడు.

నా పేపర్ చదివి ఉదహరించినవాడు అతనొక్కడే.