కాక మెల్లగా నడవలేకపోయిన రోజు

మా పక్క క్వార్టర్ కాక పోయిన మంగళవారం చనిపోయాడు. మొదటి షిఫ్టు ముగించుకుని గనిలోంచి ఏటవాలు దారి ఎక్కుతూ మధ్యలో కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. గుండె ఆగిందని కాగితం మీద రాశారు. ఆ గుండె నెలల తరబడి ఆగుతూ వస్తోందని మాత్రం ఏ కాగితమూ రాయలేదు.

ఆయన డ్యూటీకి అందరికంటే అరగంట ముందే బయలుదేరేవాడు. దారిలో మూడుచోట్ల వంగి బూటు తాడు కట్టుకునేవాడు. తాడు ఊడి కాదు, దమ్ము ఆడక.

"ఏంది కాక, నీ బూటుకు తాడు నిల్వదా?"

"నీ యూనియన్ మీటింగు ముచ్చట్ల లెక్కనే బిడ్డా, ఎంత కట్టినా నిల్వది."

మనిషి మామూలు నడక వేగం కొలిస్తే ఒంట్లో సత్తువ తెలుస్తుందని ఒక కరపత్రంలో చదివాను. వాకిట్లో సుద్దముక్కతో రెండు గీతలు గీసి, ఫోన్లో సమయం చూస్తూ కాకను, మా అవ్వను నడిపించాను. ముసలి అవ్వే ఆయనకంటే ముందు రెండో గీత దాటింది. కాక నవ్వాడు, ఆయన భార్య చిన్నమ్మ కళ్లు తుడుచుకుంది. ఆయనకు గని బయట పని ఇప్పించమని కంపెనీకి దరఖాస్తు రాసింది నేనే. దవాఖానలో నడిచి చూపించాలన్నారు. "రోజు నడిచినట్టే నడువు కాక" అని పదిసార్లు చెప్పాను.

వరండాలో డాక్టరు గడియారం పట్టుకున్నాడు. అంతే, కాక ఛాతీ విరిచి, హాజరుకు ఆలస్యమైనవాడిలా దూసుకుపోయాడు. డాక్టరు గడియారాన్నే చూశాడు, మనిషిని చూడలేదు. 'ఫిట్' అని రాసేశాడు.

మలుపు తిరగగానే కాక మెట్ల మీద కూలబడ్డాడు. పెదాలు నల్లబడ్డాయి. నేను లోపలికి ఉరకబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"గడియారం పట్టుకున్నోని ముందట... ముప్పై ఏండ్లల్ల ఎన్నడు మెల్లగ నడువలేదు బిడ్డా. కామ్‌చోర్ అంటడు, పనిదొంగ అంటడు."

"అననీ! పానం పోతది కాక!"

"పోతె పోనీ. ఇజ్జత్ పోవద్దు."

ఆ ఇజ్జత్ ఎవరికి పనికొచ్చింది? బొగ్గుకు పనికొచ్చింది. చచ్చేదాకా ఉరకడమే నిజాయితీ అని నేర్పినవాళ్ల మీద నాకు కోపం. ఆ రోజు నోరు మూసుకుని ఆయన్ని ఇంటికి తీసుకొచ్చిన నా మీద ఇంకా కోపం. నాకు ఇలా కోపమొచ్చినప్పుడు ఆయన ఎన్నోసార్లు తన డబ్బాలోంచి సగం రొట్టె తీసి నా చేతిలో పెట్టాడు. "కోపం మంచిదే. తిని కోపం చెయ్యి" అనేవాడు.

ఆయన పోయిన మర్నాడు పాడెను గోదావరి ఒడ్డుకు మోసుకుపోతున్నాం. రెండో షిఫ్టు అందుకోవాలని అందరికీ తొందర. వెనక నుంచి చిన్నమ్మ అరిచింది.

"జర మెల్లగ నడువుండ్రి బిడ్డా, ఆయనకు దమ్మొస్తది!"

నడక తగ్గించాం. వెనక బొగ్గు లారీ హారన్ కొడుతూనే ఉంది. మేం దారివ్వలేదు.