తెల్ల పలక మీద బొట్టు

మా డిపార్ట్‌మెంటులో నా డేటా తిననివాళ్ళు లేరు. మాట వరసకి అనడం లేదు. నా పరిశోధన ఎండుమిరపకాయల మీద. కాయని కెమెరాతో చూసి, ఇది మేలు కాయ, ఇది మచ్చ కాయ, ఇది తాలు అని కంప్యూటరు చేత చెప్పించడం నా పని. తాలు అంటే రంగు వెలిసి తెల్లబడిపోయిన కాయ. గుంటూరు మిర్చి యార్డులో దానికి మర్యాద తక్కువ. మరి ఫోటోలు తీయడం అయిపోయాక ఆ కాయల్ని ఏం చేయాలి? పారేయడానికి చేతులు రావు, దాచుకుంటే తుమ్ములు. అందుకని మేలు కాయలన్నీ ఏరి కారం పట్టించి పంచేసేవాళ్ళం. ఆఫీసు గుమాస్తా ఇంటి నుంచి పెద్దవాళ్ళ ఇళ్ళ దాకా వెళ్ళింది నా డేటా. "ఏమ్మా, ఈసారి డేటా ఇంకా రాలేదా? ఆవకాయకి అదైతేనే బాగుంటుంది" అని హెడ్ గారి భార్య ఫోన్ చేసి మరీ అడిగేవారు. పరిశోధన ఎంతవరకూ వచ్చిందని మాత్రం ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

అడిగితే చెప్పడానికీ పెద్దగా ఏమీ ఉండేది కాదనుకోండి. మిరప ఏడాదికోసారి పండుతుంది. నా ప్రోగ్రాము ఏడాది పొడుగునా ఎండుతుంది. కాయలు వచ్చినప్పుడు కెమెరా పాడయ్యేది, కెమెరా బాగయ్యేసరికి సీజను దాటిపోయేది. పక్క ల్యాబ్‌లో సైబర్ భద్రత మీద పనిచేసే కుర్రాళ్ళు మా గది ముందు నుంచి ముక్కు మూసుకుని పరిగెత్తేవారు. "అక్కా, మీ ల్యాబ్‌కి పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఘాటు చాలు" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. ఏమనబోయినా ముందు తుమ్ము వచ్చేది.

ఇలా నడుస్తూ ఉండగా నా గడువు అయిపోయింది. అప్పటికే పొడిగించి పొడిగించి విసిగిపోయారు. ఇక కుదరదన్నారు. చివరి రివ్యూ ఒకటి పెడతాం, అందులో యంత్రం పని చేసి చూపిస్తే థీసిస్ సమర్పించుకోవచ్చు, చూపించలేకపోతే పీహెచ్‌డీ రిజిస్ట్రేషను రద్దు, అంతే. ఇన్నేళ్ళ చదువు, చీరాల నుంచి గుంటూరుకి రోజూ రైల్లో నిలబడి చేసిన ప్రయాణాలు, అన్నీ ఒక్క పూటకి వచ్చి వేలాడాయి.

మా అమ్మ చీరాలలో మిషన్ బడి టీచరు. పిల్లలు పరీక్ష ఫెయిలైతే భయపడదు గానీ పెద్దవాళ్ళు ఫెయిలైతే భయపడుతుంది. రివ్యూ సంగతి విన్న రోజు నుంచి మొదలుపెట్టింది. చర్చిలో ప్రార్థన చేసిన నూనె చిన్న సీసాలో పోసి నా చేతిలో పెట్టి, "ఆ యంత్రానికి ఒక్క చుక్క రాయవే, నీ సొమ్మేం పోయింది" అంది. యంత్రానికి నూనె రాస్తే దుమ్ము అంటుకుంటుందని చెప్పాను. "విశ్వాసానికి దుమ్ము అంటుకోదు" అంది. టీచర్లతో వాదించి ఎవరు గెలిచారు?

ఈ మాట మా సారు దగ్గర అంటే ఆయన కడుపుబ్బా నవ్వారు. సారు అంటే నా గైడు. కనిగిరి వైపు మనిషి, మాట కరుకు. ఆయన నాస్తికత్వం మా యూనివర్సిటీ అంతటికీ తెలుసు. దసరాకి అన్ని ల్యాబ్‌లలోనూ కంప్యూటర్లకి గంధం, కుంకుమ పెడితే మా ల్యాబ్‌కి మాత్రం తాళం వేయించేవారు. "దేవుడున్నాడో లేడో నాకు తెలీదు. నీ దగ్గర సరిపడా డేటా లేదని మాత్రం తెలుసు. ముందు ఆ సంగతి చూడు" అనేవారు. అమ్మ నూనె గురించి కూడా తీర్పు చెప్పేశారు. "మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పమ్మా. ప్రార్థన ఇంట్లో, యంత్రం ల్యాబ్‌లో. రెంటినీ కలపొద్దని చెప్పు." సీసా తిరిగి చీరాల వెళ్ళిపోయింది.

యంత్రం అని పెద్ద మాట వాడుతున్నాను గానీ అదొక ప్లైవుడ్ పెట్టె. లోపల లైట్లు, పైన కెమెరా. ముందువైపు సొరుగులో కాయలు పోసి లోపలికి తోస్తే తెర మీద మేలు, మచ్చ, తాలు అని వస్తుంది. సొరుగు పక్కనే లోపల ఒక తెల్ల పలక అతికించి ఉంటుంది. బాత్రూము గోడకి వేసే టైలు ముక్కే. స్విచ్ వేయగానే కెమెరా ముందు దాన్ని చూసి "తెలుపంటే ఇదీ" అని నిర్ణయించుకుంటుంది. ఆ తెలుపుని బట్టే కాయ ఎంత ఎరుపో లెక్క కడుతుంది. వెనక ఉన్న చిన్న తలుపు తీస్తే తప్ప ఆ పలక మనకి కనబడదు. రివ్యూ ముందురోజు సాయంత్రం ఆ పలకని తళతళలాడేలా తుడిచి, ల్యాబ్‌కి తాళం వేసి, సారుకి చెప్పి వెళ్ళాను.

మర్నాడు కమిటీ వచ్చింది. బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన నిపుణుడూ మా సారూ ఒకే హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్ళు. నిపుణుడు గారి నుదుటి మీద నిలువు బొట్టు, చేతికి తోరం. దేవుడున్నాడా లేడా అని వాళ్ళిద్దరూ హాస్టల్ మెస్సులో మొదలుపెట్టిన వాదన ఇంకా ముగియలేదని అందరూ చెప్పుకునేవారు. నలుగురిలో ఉన్నప్పుడు మాత్రం ఒకరినొకరు గారు, గారు అనుకుంటూ మహా మర్యాదగా ఉండేవారు.

యార్డు నుంచి ఆ పొద్దున్నే తెప్పించిన తేజ రకం కాయలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. సొరుగులో పోసి తోశాను. తెర మీద "తాలు" అని వచ్చింది.

నవ్వుతూనే ఇంకో గుప్పెడు పోశాను. తాలు. ఇంకో గుప్పెడు. తాలు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది. నిపుణుడు గారు ఒక కాయ తీసి కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "గుంటూరులో ఉండి దీన్ని తాలంటే యార్డు వాళ్ళు మనల్ని ఊళ్ళోకి రానివ్వరమ్మా" అన్నారు. కమిటీలో ఇంకొకాయన అప్పుడే కాగితం మీద ఏదో రాసేసుకుంటున్నారు. ఆ పెన్ను లాక్కుని విసిరేయాలనిపించింది. ఏడుపు వచ్చింది. ఘాటు వల్లే అన్నట్టు కళ్ళు తుడుచుకున్నాను. మిరపకాయల మీద పనిచేయడంలో ఉన్న సుఖం అదొక్కటే.

"టీ తాగి వస్తాం, ఈలోగా చూసుకోండి" అని కమిటీ వాళ్ళు లేవబోయారు. వైర్లు చూశాను. లైట్లు చూశాను. చివరికి వెనక తలుపు తీశాను. నేను తళతళలాడించిన తెల్ల పలక మీద, సరిగ్గా నట్టనడుమ, రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. చుట్టూ పసుపు కూడా ఉంది.

విషయం అర్థమైంది. కెమెరా తెలుపు కోసం చూసేది సరిగ్గా ఆ నడుమనే. పెట్టె కళ్ళకి ఆ రోజు ఎరుపే తెలుపు. ఎరుపునే తెలుపనుకున్నదానికి ఎంత ఎర్ర కాయైనా వెలిసిపోయినట్టే కనబడుతుంది. "సార్, లోపలి తెల్ల పలక మీద మరక పడిందండి. అందుకే రంగులు తప్పాయి" అన్నాను.

"మరకేమిటి?" అన్నారు నిపుణుడు గారు.

చెప్పక తప్పలేదు. "కుంకుమండి."

"రివ్యూకి ముందు పూజ చేశావన్నమాట. యంత్రం పని చేయకపోతే చెప్పుకోవడానికి బాగానే ఉంది" అన్నారు పెన్ను పట్టుకున్నాయన. మా అమ్మ ప్రార్థన నూనె తెస్తే వెనక్కి పంపిన దాన్ని, నేను పూజ చేశానట! అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ల్యాబ్ తాళం చెవులు రెండే రెండు. ఒకటి నా దగ్గర ఉంది. రెండోది ఎవరి దగ్గర ఉందో నాకు తెలుసు. సారు వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. ఆయన కిటికీలోంచి బయట సైకిల్ స్టాండుని, జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నారు.

పెన్నాయన మళ్ళీ రాయబోయారు. అప్పుడు సారు కుర్చీలోంచి లేచారు.

"రాయకండి. ఆ అమ్మాయి కాదు. పొద్దున్న నేను పెట్టాను" అన్నారు.

ఆయన నిపుణుడు గారి ముఖం చూడకుండా, గోడతో మాట్లాడుతున్నట్టు చెప్పారు. "నాకేం నమ్మకం లేదండి, ఇప్పటికీ లేదు. నాకు లేకపోతే పోయింది, ఒకవేళ ఉండి ఉంటే ఆ పిల్లకి పనికొస్తుందేమో అనిపించింది. నా పంతం కోసం దాన్ని ముంచడం ఎందుకని... బయట పెడితే అందరికీ కనబడుతుందని లోపల పెట్టాను."

ఎవరి కంటా పడకూడదని వెతికి వెతికి ఆయన పెట్టిన చోటుని చూసేది లోకంలో ఒక్క నా కెమెరాయే.

నిపుణుడు గారు ఇక గారుని పక్కన పెట్టేశారు. "ఒరేయ్! బొట్టు పెట్టాలంటే కూడా అలవాటుండాలిరా. మేం ఇన్నేళ్ళుగా యంత్రాలకి పెడుతున్నాం, ఎప్పుడన్నా ఒకటి చెడిందా? బయట, మూతకి పెడతారు గానీ కెమెరా కంట్లో కొడతారా ఎవడైనా?" అని పగలబడి నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. ఆయన వంక కూడా ఘాటే అయ్యుంటుంది. సారు తల ఎత్తలేదు. ఎన్నేళ్ళుగానో పట్టు వదలని వాదనలో ఆ పూట నా కోసం ఓడిపోయారాయన. కోపం ఎటు పోయిందో నాకు తెలీదు. ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది గానీ, పెడితే తిడతారు.

పలక తుడిచాక పెట్టె బుద్ధిగా మేలుని మేలని, తాలుని తాలని చెప్పింది. కమిటీ ఒప్పుకుంది, ఒక షరతు మీద. "పలక మీద మరక పడితే ఆ సంగతి యంత్రమే చెప్పాలి. అది తుడిచాకే పని మొదలుపెట్టాలి. అది కూడా చేసి థీసిస్‌లో రాయమ్మా" అన్నారు నిపుణుడు గారు. సబబైన మాటే. కానీ అది చేయాలంటే మరకలు పడిన పలకలు బోలెడు కావాలి. అందుకని మా యూనివర్సిటీలో ఎవరూ కలలో కూడా ఊహించని దృశ్యం మా ల్యాబ్‌లో కనబడింది. నాస్తికుడైన మా సారు బల్ల ముందు కూర్చుని, కుంకుమ భరిణె పక్కన పెట్టుకుని, టైలు ముక్కల వరసకి బొట్లు పెడుతూ ఉండేవారు. చిన్నవి, పెద్దవి, చెరిగిపోయినవి. పక్క ల్యాబ్ కుర్రాళ్ళు ఘాటుని కూడా లెక్కచేయకుండా గుమ్మంలో గుమిగూడేవారు. "ఇది డేటారా, వెధవల్లారా!" అని ఆయన కసిరేవారు.

వైవా రోజున అమ్మ కూడా వచ్చింది. టిఫిన్ డబ్బా పట్టుకుని అందరికంటే ముందే హాల్లో కూర్చుంది. నేను పెట్టెని హాల్లో బల్ల మీద పెట్టి, అతిథులకి ఎదురెళ్ళి వచ్చేసరికి హాలు నిండింది. పరీక్షకుడి స్థానంలో మళ్ళీ ఆ నిపుణుడు గారే. స్విచ్ వేశాను. తెర మీద అక్షరాలు వచ్చాయి: పలక శుభ్రంగా లేదు.

హాలంతా సారు వైపు తిరిగింది. ఆయన రెండు చేతులూ పైకెత్తారు. "నేను కాదమ్మా! కావాలంటే చూడు, నాది ఇంకా జేబులోనే ఉంది" అంటూ చొక్కా జేబులోంచి విప్పని కుంకుమ పొట్లం తీసి చూపించారు. చూపించాక గానీ ఏం ఒప్పుకున్నారో ఆయనకి తెలియలేదు. నిపుణుడు గారు బల్ల కొట్టి నవ్వారు.

వెనక తలుపు తీశాను. పలక మీద చిన్న సిలువ గుర్తు, నూనెతో, మెరుస్తోంది. చివరి వరసలో అమ్మ హ్యాండ్‌బ్యాగులో దేనికోసమో మహా శ్రద్ధగా వెతుక్కుంటోంది.

కోప్పడాలని చూశాను, రాలేదు. ఇద్దరూ ఇద్దరే, ఒకే దొంగచోటు దొరికింది వీళ్ళకి. పలకని తుడిచి, వేలికి అంటిన నూనె నా నుదుటికి రాసుకున్నాను. సారు దగ్గరికి వెళ్ళి, "ఇక దాచకండి సార్. ఈసారి బయట పెట్టండి" అన్నాను.

ఆయన ఒకసారి స్నేహితుడి వైపు, ఒకసారి మా అమ్మ వైపు చూశారు. లేచి వచ్చి పొట్లం విప్పి, ఇంతమంది చూస్తుండగా, పెట్టె ముందువైపు చెక్క మీద బొట్టు పెట్టారు. బొట్టు కొంచెం వంకరగా వచ్చింది.