ముందుకాలి వెనక

నా చిన్నప్పుడు మేం కువైట్‌లో, ఫహాహీల్‌లో ఉండేవాళ్ళం. మా పిన్ని పశువుల డాక్టరు. పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉండేది. మాటలో మెత్తదనం తక్కువే అయినా ఆవిడ వెంట తిరగడమంటే నాకు ఇష్టం. సెలవు రోజున ఎక్కడినుంచైనా పిలుపు వస్తే నన్నూ కారెక్కించుకునేది.

ఒక శుక్రవారం కబ్ద్‌లోని ఒక తోట నుంచి ఫోను వచ్చింది. ఆ తోట యజమాని ఒక కువైటీ, పెద్ద కంచె వేసి జింకల్ని పెంచేవాడు. కొత్తగా విల్లు కొనుక్కుని, కొన్నాళ్ళు అట్టబొమ్మల మీద గురి సాధన చేసి, ఆ పొద్దున మొదటిసారి, బాగా దగ్గర్నుంచే, జింక మీద బాణం వేశాడట. అది పడలేదు. ఆయన ఆగకుండా జీపులో వెంటపడ్డాడు. తరిమినకొద్దీ అది పరుగెత్తింది. మేం వెళ్ళేసరికి కంచె మూలన, పొట్టలో బాణంతో పడివుంది. మట్టీ నెత్తురూ కలిసిన ఆ వాసన నేను మరచిపోలేదు. దాని కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

ఆయన చెడ్డవాడేం కాదు. "దక్తూరా, ఎలాగైనా బతికించండి. తెలియక చేశాను," అని పిన్నిని బతిమాలాడు. పేగులు తెగిపోయాయని, ఇక చేయగలిగింది బాధ లేకుండా చావనివ్వడం ఒక్కటేనని పిన్ని చెప్పింది. ఆవిడ సూదిమందు తీస్తుంటే ఆయన మెల్లగా జీపు వైపు నడిచాడు. పిన్ని వెనక్కి పిలిచింది. ఆయన చెయ్యి పట్టుకుని, జింక ముందుకాలికి కాస్త వెనగ్గా, ఛాతీ మీద పెట్టించింది. గుండె ఇక్కడుంటుందని, జింక పక్కకి తిరిగి నిలబడితేనే ఈ చోటు దొరుకుతుందని, దొరక్కపోతే విల్లు దించెయ్యాలని ఇంగ్లీషులో, గొంతు పెంచకుండా చెప్పింది.

నా వైపు చూసి, "చూడలేకపోతే కార్లో కూర్చోమ్మా," అంది. నేను వెళ్ళలేదు. ఎందుకో తెలియదు, ఆయన చెయ్యి పక్కన నా చెయ్యీ పెట్టాను. గుండె గబగబా కొట్టుకుంటోంది. పిన్ని సూది గుచ్చింది. మందు ఎక్కేకొద్దీ నెమ్మదించింది. చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఎడం పెరిగింది. ఆయన వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

తిరిగి వస్తుంటే, అంత దగ్గర్నుంచి గురి ఎలా తప్పిందని పిన్నిని అడిగాను.

"గురి తప్పలేదే. పొట్ట పెద్దగా కనిపించిందని అక్కడే కొట్టాడు. గురి చూసిన చోటే తగిలింది."

కాసేపటికి కారు పక్కకి ఆపి, స్టీరింగు మీద తల ఆన్చి కూర్చుంది. పిన్ని ఏడవడం నేను చూసింది అప్పుడే.

నేను ఎప్పుడూ విల్లు పట్టలేదు. కానీ తెలియక చేశానని ఎవరైనా అన్నప్పుడు, ఒక్కోసారి ఆ మాట నా నోటికే రాబోయినప్పుడు, అరచేతి కింద ఆ గుండె ఒక్కసారి కొట్టుకుంటుంది. తర్వాతి చప్పుడు కోసం ఆగుతాను. అది రాదు.