బొంగురు గొంతుకు దొరికిన పని

సహోదరులారా, సహోదరీలారా, నా మాట వినడం మీకు కాస్త కష్టమే, ఓపికపట్టండి, ఎందుకంటే నా సాక్ష్యమంతా ఈ గొంతు గురించే.

నేను ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెప్పేదాన్ని. హీరోయిన్లకు కాదు, పరభాషా సినిమాల్లో చెల్లెళ్లకు, దయ్యం పట్టినవాళ్లకు. ఏడుపులు, కేకలే ఎక్కువ. ఒకరోజు కేక మధ్యలో గొంతు ఆగిపోయింది. డాక్టరుగారు ఆపరేషన్ చేసి, మాట వస్తుంది గాని పాత గొంతు రాదన్నారు. స్టూడియోలవాళ్లు కనబడితే పలకరించేవారు, పనికి మాత్రం పిలిచేవారు కాదు. బోరబండలో మా ఇంట్లో కూర్చుని ఎంత కుమిలిపోయానో ఆ ప్రభువుకే తెలుసు!

మందిరంలో అందరూ స్వరమెత్తి ప్రార్థిస్తుంటే నేను పెదవులు కదిలించేదాన్ని. మా అత్తమ్మ రోజూ నా గొంతు మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, నా కోడలి గొంతు మళ్ల ఎప్పటిలెక్క జెయ్యి తండ్రీ, ఇంకేమడగ" అని ఏడ్చేది. గొంతు మారలేదు. నేను దేవుని మీద అలిగాను.

అప్పుడే ఒక విదేశీ కంపెనీ మన హైదరాబాదులో పరిశోధనా కేంద్రం తెరిచిందనీ, తెలుగు విని అర్థం చేసుకునే యంత్రానికి గొంతులు కావాలనీ, ఉద్యోగాలున్నాయనీ సంఘంలో ఒక సహోదరి చెప్పింది. గొంతు పోయినదానికి గొంతు పనా అనుకున్నాను, అయినా అత్తమ్మ పోరు పడలేక వెళ్లాను. మైకు చూడగానే పాత అలవాటు ఊరుకుంటుందా, పదహారేళ్ల పిల్ల గొంతు పెట్టబోయాను, కీచుమంది. సిగ్గుతో లేచిపోతుంటే అక్కడి అమ్మాయి ఆపింది.

"అది కాదండీ. ఇందాక మంచినీళ్లు అడిగారు కదా, మాకు ఆ గొంతే కావాలి."

స్టూడియో గొంతులు యంత్రానికి బాగానే అర్థమవుతాయట, పక్షవాతం వచ్చినవారి మాట, గొంతు జబ్బు చేసినవారి మాటే అర్థం కాదట! ముందు నా మాట రికార్డు చేసుకున్నారు, ఆపైన నాలాంటివారి పక్కన కూర్చుని, ధైర్యం చెప్పి, మాట్లాడించి రికార్డు చేయించే ఉద్యోగం నాకిచ్చారు. దేవునికే మహిమ!

ఇంటికొచ్చి అత్తమ్మకు అంతా చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "మంచిగైంది బిడ్డా, దేవుడు నా మాట ఇనలే" అంది.

ప్రియులారా, అడిగింది రాలేదని ఆయనను విడిచిపెట్టకండి. మీలో గొంతు పెగలనివారుంటే మెల్లగానే ప్రార్థించండి. యంత్రానికైతే మన మాట నేర్పాలి, మన తండ్రికి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆమేన్.