అయొడిన్ రంగు చూడబోయి

మొన్న మా ఇంట్లో నీళ్ళ ఫిల్టరు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్, లోపల క్రిములను చంపే అతినీలలోహిత దీపం పనిచేస్తుందో లేదో చూద్దామని దాన్ని వెలుగుతుండగానే బయటికి లాగాడు. ఆ నీలి వెలుతురు గోడ మీద పడగానే నేను కళ్ళు మూసుకుని కేక పెట్టాను. పాపం, అతను హడలిపోయి స్విచ్చి కట్టేశాడు. ఈ వయసులో ఇదేం పిరికితనమని నా ఈడువాళ్ళు నవ్వుకుంటారేమో గాని, ఆ భయం నాకు ఊరికే రాలేదు.

సంగం అనే ఊళ్ళో వరి పండించుకునే ఇంట్లో పుట్టి, కెమిస్ట్రీ చదివి, తడ దగ్గర ఒక ఫ్యాక్టరీ ల్యాబులో చేరిన తొలి ఏడాది అది. అక్కడ నాకు పని నేర్పిన సీనియర్‌ని అక్కా అని పిలిచేదాన్ని. ఇద్దరం ఒకే అద్దెగదిలో ఉండేవాళ్ళం. బెంజీన్ వలయానికి క్లోరిన్, బ్రోమిన్ అతుక్కున్న పదార్థాలు నీళ్ళలో కలిస్తే ఒక పట్టాన నశించవు, అందుకని నీళ్ళు బయటికి వదిలేముందే ఆ బంధాలను అతినీలలోహిత కాంతితో తెంపవచ్చా అని చూడడం మా పని. అన్నిటికంటే సులువుగా ఊడివచ్చేది అయొడిన్ గనుక అయొడోబెంజీన్‌తో మొదలుపెట్టాం. మూసిన పెట్టెలో దీపం వెలిగించిన కాసేపటికి, నీళ్ళలా తేటగా ఉన్న ద్రావణంలో అయొడిన్ విడిపోయి పసుపు రంగు తిరుగుతుందని అక్క చెప్పి, ఏదో పని మీద పక్క గదికి వెళ్ళింది.

నేను ఆగలేకపోయాను. నల్లకళ్ళజోడు బల్ల మీదే ఉన్నా పెట్టుకోకుండా పెట్టె తలుపు తీసి, పసుపు చిక్కబడి డికాషన్ రంగుకు వస్తుంటే మైమరచి చూస్తూ నిలబడ్డాను. అక్క పరుగున వచ్చి తలుపు మూసి, నా చేతి మీద ఒక్కటి వేసింది.

"ఎంతసేపు చూసినావు? అంత గట్టి బంధాన్నే తెంచే వెలుతురు, నీ కంటిని వదిలిపెడతాదా?"

అప్పటికి ఏమీ కాలేదు గనుక ఆమె కంగారు నాకు అతిగా అనిపించింది. సాయంత్రం గదికి చేరేసరికి కళ్ళలో గుప్పెడు ఇసుక పోసినట్టు మంట, ధారగా నీళ్ళు. రెప్ప ఎత్తితే వాకిట్లోని ఎండ సూదిలా గుచ్చుకుంది. గుడ్డిదాన్నై సంగం తిరిగి వెళ్ళడం, మా నాన్న చెయ్యి పట్టుకుని గట్టు మీద నడవడం కళ్ళకు కట్టాయి.

"ఇంటికి చెప్పొద్దక్కా, ఉద్యోగం మాన్పిస్తారు" అని ఏడ్చాను.

"చెప్పను గాని, నువ్వు కన్ను నలపబాక" అంటూ తడిగుడ్డ వేసి, నా చెయ్యి వదలకుండా ప్రార్థన చేస్తూ కూర్చుంది. ప్రార్థన మధ్యలో ఆమె కూడా ఏడుస్తోందని తెలిసి నా భయం రెట్టింపైంది.

మర్నాడు డాక్టరు, కంటిపొర పైపైన కాలిందనీ రెండు రోజుల్లో మానుతుందనీ చెప్పాడు. మూడోనాడు కళ్ళు తెరిస్తే మొదట కనిపించింది నిద్రలేక ఉబ్బిన అక్క ముఖమే.

ఇప్పటి ల్యాబుల్లో పెట్టె తలుపు తీయగానే దీపం దానంతటదే ఆరిపోతుందట. మంచిదే, ఏ పిల్లా నాలా ఏడవక్కర్లేదు. కానీ పక్కమనిషి కన్ను తన కన్నే అన్నంతగా భయపడి, చెయ్యెత్తి కొట్టి, ఆపైన తనూ ఏడ్చిన మనిషి మాత్రం ఆ తర్వాత నాకు ఎక్కడా తారసపడలేదు.