ముతాలే వాళ్లయితే

ఎన్డోలా పట్నంలో గోడ అద్దంలా నున్నగా రావాలంటే గెర్షం కంపాంబానే పిలవాలని కంపాంబా ఊరంతా చెప్పుకునేవాడు. ఆ మాటను తన నోట కాకుండా ఇంకొకరి నోట విన్నవాళ్లు తక్కువేనని ఇప్పుడు ఆయనే ఒప్పుకుంటాడు. పెద్ద కాంట్రాక్టర్లు ఇళ్లకీ దుకాణాలకీ గోడలు లేపాక, సిమెంటు పూత పని పట్టుకునే చిన్న కాంట్రాక్టరు ఆయన. కింద కొంతమంది తాపీ మేస్త్రీలు, ఎత్తు ఎక్కాలంటే దగ్గే ఒక పాత పికప్ బండి. ఇంతే ఆస్తి. గర్వం మాత్రం బండికి పట్టనంత ఉండేది.

ఆయనకి ఎక్కువగా పనులిచ్చే పెద్ద కాంట్రాక్టరు సిమ్‌ఫుక్వే. సిమ్‌ఫుక్వే ఎవరినీ కోప్పడే మనిషి కాదు. పని మాట్లాడుకోవడానికి వెళితే కుర్చీ వేసి, ధారాళంగా పంచదార వేసిన టీ ఇచ్చి, ఇంటిల్లిపాది క్షేమం అడిగేవాడు. అన్నీ అయ్యాక పూత లేని గోడవైపు చూసి ఒక నిట్టూర్పు విడిచేవాడు.

"ఏం చెప్పను కంపాంబా గారూ. ముతాలే వాళ్లయితే పరంజా సొంతంగా తెచ్చుకుంటారు."

అంతే. తెమ్మని అడగలేదు, తేకపోతే పని ఇవ్వననీ అనలేదు. అంతవరకూ పరంజా కర్రలూ బల్లలూ సిమ్‌ఫుక్వేవే ఉండేవి. ఆ ముతాలే ఎవడో, ఎలా ఉంటాడో కంపాంబాకి తెలియదు. అదే ఊళ్లో పూత పని చేస్తాడని మాత్రం తెలుసు. వాడు తెచ్చుకోగా లేనిది తను తెచ్చుకోలేడా అని పంతం పట్టి, పాత బండి మీద కొత్త కర్రలు వేసుకుని వచ్చాడు. ఎవరివో అనుకుని ఎవరూ ఎత్తుకుపోకుండా ప్రతి కర్ర కొనకీ పచ్చరంగు కూడా పూశాడు. వాటిని చూసి సిమ్‌ఫుక్వే ఎంతో సంతోషించాడు. అప్పుడప్పుడూ వేరే పనికి ఒక వారం వాడుకుంటానని అడిగి తీసుకుపోయేవాడు కూడా. పెద్దమనిషి అంతటివాడు తన కర్రలు అడిగాడని కంపాంబా ఇంటికెళ్లి భార్యకి చెప్పి మురిసిపోయేవాడు.

తర్వాతి పనికి వెళితే ముతాలే వాళ్లు పూత అయ్యాక గదులు కడిగి మరీ అప్పజెబుతారని తెలిసింది. కంపాంబా చీపుర్లు కొన్నాడు. ఆ తర్వాతి పనిలో కరెంటువాళ్లు వైర్ల కోసం గోడలు చెక్కి పాడుచేస్తే, ముతాలే వాళ్లు మారుమాట లేకుండా మళ్లీ పూసి ఇస్తారని తెలిసింది. కంపాంబా మారుమాట మానేశాడు. ముతాలే వాళ్లు ఆదివారం కూడా వచ్చి పూతకి నీళ్లు పడతారని విన్న వారం, చర్చికి వేసుకునే సూటు మీదే రబ్బరు గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. పాటల పుస్తకం చంకలో ఉంది. అటుగా చర్చికి పోతున్న జనం ఆగి చేతులూపారు. ఈయన గొట్టం ఊపాడు.

ఈ సంగతులన్నీ చెప్పేటప్పుడు కంపాంబా తన నుదురు తనే కొట్టుకుంటాడు. "గాడిదకి బరువెక్కించాలంటే మనిషి కావాలి. నేనైతే ఎవరూ ఎత్తకుండానే ఎక్కించుకున్నా," అంటాడు.

రోజులు గడిచేకొద్దీ ఆయన మనసులో ముతాలే పెరిగిపోయాడు. ఆరడుగుల పైన ఎత్తు, ఇనప కండలు, నిద్రే ఎరగని కళ్లు. పనివాళ్లు బద్ధకిస్తే, ముతాలే మనుషులు ఇలాగే చేస్తారా అని అరిచేవాడు. అలా అరవడానికి ముతాలే మనుషుల్ని ఒక్కణ్ని కూడా ఆయన చూసింది లేదు. బట్టలు కుట్టే భార్య ఫెబ్బీ ఒకనాడు మిషను ఆపి, "ఆ ముతాలే ఎవరో గానీ, పెళ్లి చేసుకున్న నా మాట కంటే వాడి మాటే బాగా వింటున్నావు," అంది.

ఊళ్లో చిన్న కాంట్రాక్టర్లకి ఒక సంఘం ఉంది. చితంబో అనే ముసలి ప్లంబరు దానికి అధ్యక్షుడు. నెలకోసారి శనివారం పూట చిఫుబు పేటలో ఒక బడిగదిలో కూర్చునేవాళ్లు. చితంబో ఎన్నిసార్లు పిలిచినా కంపాంబా వెళ్లలేదు. పనిలేనివాళ్లకే మీటింగులు, పనున్నవాడు గోడ దగ్గరుంటాడని ఆయన అభిప్రాయం. పైగా తన పని మర్మాలు నలుగురిలో పడతాయని భయం. అవేమిటని ఎవరైనా అడిగితే, చెప్పడానికి ఒకటైనా తట్టేది కాదట. అది వేరే సంగతి.

వానల్లో సిమ్‌ఫుక్వే మళ్లీ నిట్టూర్చాడు. ఈసారి ముతాలే వాళ్లు పనికి కావలసిన నీళ్లు కూడా ట్యాంకులో సొంతంగా తోలుకుంటారట. కంపాంబా లెక్క వేసుకున్నాడు. ఆ దగ్గే బండి మీద నీళ్ల ట్యాంకు ఎక్కిస్తే బండి పోతుంది. ఎక్కించకపోతే పని పోతుంది. ముతాలే వాళ్లు సంఘం మీటింగులకి వస్తారని ఎవరో అనగా విని, ఆ శనివారం సూటు వేసుకుని బయలుదేరాడు. శత్రువు ట్యాంకు ఎలా తోలుతున్నాడో కనిపెట్టాలి. కోడి వేపుడూ, దుంపపిండీ వేరుశనగా కలిపి వండే చికండా ముక్కలూ పెడతారన్న వార్త కూడా కాళ్లని కొంత తొందరపెట్టిందని ఆయన దాచడు.

బడిగదిలో బెంచీలు పిల్లలవి. మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా కంపాంబా చివరి వరసలో సర్దుకుని ఆరడుగుల మనిషి కోసం వెతికాడు. ముందు చితంబో నిలబడి, పని మొదలెట్టకముందే ఏది ఎవరి బాధ్యతో మాట్లాడుకుని కాగితం మీద పెట్టుకోవాలని నెమ్మదిగా చెబుతున్నాడు. కంపాంబా చెవిన పెట్టలేదు. పక్కన ఒకావిడ కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. పొట్టిగా, బొద్దుగా, నడుముకి చితెంగె గుడ్డ చుట్టుకుని, ఒళ్లో పెద్ద సంచీ పెట్టుకుంది. వంటావిడ అయ్యుంటుందని తేల్చేసుకుని, భోజనాలు ఎన్నింటికని అడిగాడు.

"నేనూ దాని కోసమే చూస్తున్నానన్నా," అందావిడ. "మీరు అన్నం కోసమేనా, ఇంకెవరి కోసమైనా వచ్చారా? తెగ దిక్కులు చూస్తున్నారు."

"ముతాలే అని ఒకడున్నాడమ్మా. వాడి మొహం చూసిపోదామని."

"ఏం చేశాడేంటి?"

అడగడమే ఆలస్యం. ఇన్నాళ్లూ కడుపులో ఉన్నదంతా కంపాంబా గుసగుసగా కక్కేశాడు. పరంజా, చీపుర్లు, చెక్కిన గోడలు, ఆదివారం నీళ్లు, ఇప్పుడు ట్యాంకు. ఇంటి మీద బెంగ లేనివాడు గనకే ఆదివారాలు గోడల దగ్గర పడి ఉంటాడనీ, పెళ్లాం వదిలేసి పోయుంటుందనీ తన ఊహ కూడా జోడించాడు.

"కంపాంబా అని ఇంకొకాయన ఉన్నాడు, ఎరుగుదురా?" అని ఆవిడ అడిగింది. "కరెంటువాళ్లకీ, రంగులేసేవాళ్లకీ కూడా మధ్యాహ్నం అన్నం ఆయనే పెడతాడట. సిమ్‌ఫుక్వే గారు చెప్పినప్పట్నుంచీ నేను గిన్నెలు మోస్తున్నా."

తన పేరు వినగానే కంపాంబా ఛాతీ ముందు పొంగింది. అన్నం మాట బుర్రకెక్కడానికి కొంచెం టైము పట్టింది.

"కరెంటువాళ్లకా? నేనెప్పుడు పెట్టాను?" అనేశాడు.

ఆవిడ మెల్లగా ఆయన వైపు తిరిగింది. పైనుంచి కిందిదాకా చూసింది. బహుశా ఆవిడ మనసులో కంపాంబా కూడా ఆరడుగుల పైనే ఉండి ఉంటాడు.

"నా పేరు ఎనెలెస్ ముతాలే," అంది. "మొగుడు చక్కగా ఇంట్లోనే ఉన్నాడన్నా. వదిలేసి పోయే ఓపిక ఆయనకి లేదు."

మా ఎన్డోలాలో మాట్లాడే భాషలో పెద్దా చిన్నా, ఆడా మగా ఎవరినైనా గౌరవిస్తే 'వాళ్లు' అనేస్తాం. ఆ ఒక్క మాట చాటున ముతాలే ఇన్నాళ్లూ మీసాలు పెంచుకుంటూ వచ్చాడు. కంపాంబా బెంచీలోంచి లేచి పారిపోదామనుకున్నాడు గానీ, మోకాళ్లు బల్ల కింద ఇరుక్కుని కదల్లేకపోయాడు. క్షమించమని అడగబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"అది తర్వాత. నాకు ట్యాంకూ లేదు, పరంజా లేదు. ఏనాడూ లేదు. సిమ్‌ఫుక్వే గారు ఇచ్చిందే వాడతాను. కర్రల చివర పచ్చరంగు ఉంటుంది."

"ప్రతి కర్రకీనా?" అన్నాడు కంపాంబా.

"మీవా?" అంది ముతాలే.

ఆయన తల ఊపాడు. అప్పుడావిడ నవ్వడం మొదలుపెట్టింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత బెంచీ కదిలింది, ఆ తర్వాత ముందు వరసలు వెనక్కి తిరిగాయి. చితంబో మాట ఆపి, వెనక ఉన్నవాళ్లకి ఏదో మంచి సంగతి దొరికినట్టుంది, అందరికీ పంచమన్నాడు. కంపాంబా వద్దని సైగ చేస్తూనే ఉన్నాడు, ముతాలే లేచి మొత్తం చెప్పేసింది. సూటూ గొట్టమూ ఆవిడకి తెలియని భాగం గనక, అది కంపాంబానే చెప్పాల్సి వచ్చింది. బడిగది నవ్వుతో ఊగిపోయింది.

నవ్వు అణగాక ఒక రంగుల కాంట్రాక్టరు లేచాడు. తనకి వేరే పెద్దాయన దగ్గర ఇదే జరుగుతోందనీ, తన ముతాలే పేరు వేరనీ చెప్పి, అదిగో అని కిటికీ పక్కన కూర్చున్న మనిషిని చూపించాడు. కిటికీ పక్కన మనిషి తన ముతాలే ఇతనేనన్నాడు. తర్వాత పలకలు పరిచేవాళ్లు, తలుపులు బిగించేవాళ్లు. ఒకరి మొహం ఒకరు చూడక ఒకరికొకరు భయపడి చచ్చినవాళ్లే అంతా. పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు. ఇక్కడ పిట్టలకి అసలు పోరే లేదు. పిల్లి చెబితే ఉందనుకున్నాయి.

ఆ రోజు కోడి వేపుడు చల్లారిపోయింది. తర్వాత నెలల్లో చితంబో ఒక్కో రకం పనివాళ్లని ఒక్కో మూల కూర్చోబెట్టి, పనితో పాటు ఏది వస్తుందో, ఏది విడిగా మాట్లాడుకోవాలో తేల్చమన్నాడు. పూతవాళ్ల మూలలో ఎక్కువ గొడవపడింది కంపాంబానే. ఆదివారం నీళ్లు పట్టకపోతే పూత బీటలు వారుతుందని ఆయన, శనివారం తడి గోనెపట్టాలు కప్పితే చాలని ముతాలే. వాదన రెండు మీటింగులు నడిచింది. చివరికి ఒక గోడకి పట్టాలు కప్పి, ఒక గోడకి నీళ్లు పట్టి చూశారు. రెండూ ఒకేలా ఉన్నాయి. కంపాంబా తన గోడ దగ్గర చాలాసేపు బీట కోసం కాదు, తన గోడే మేలని చెప్పే తేడా కోసం వెతికాడు.

వానలు వెనకబట్టాక సిమ్‌ఫుక్వే పెద్ద పని పట్టాడు. నర్సుల హాస్టలు. కంపాంబాని పిలిచి టీ ఇచ్చాడు. పిల్లలు బాగున్నారా అన్నాడు. నిట్టూర్చాడు.

"ముతాలే వాళ్లయితే..."

కంపాంబా ఈ ఘడియ కోసం అద్దం ముందు నిలబడి ఒక ప్రసంగం బట్టీ పట్టాడు. అందులో న్యాయం ఉంది, చెమట ఉంది, బైబిల్ వాక్యం కూడా ఉంది. నోరు తెరిచేసరికి ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"ఆవిణ్ని అడిగానండి. అలా చెయ్యదట," అన్నాడు.

సిమ్‌ఫుక్వే టీలో చెంచా తిప్పాడు. ఎక్కడ కలిశారని అడిగాడు. సంఘంలో అని చెప్పాడు కంపాంబా. పరంజా, నీళ్లు మీరే పెట్టాలి, చెక్కిన గోడలు మళ్లీ పూస్తే అది వేరే పని, అని నేల చూస్తూ కలిపాడు. పని పోయిందనే అనుకున్నాడు.

"నన్ను తిట్టుకుంటున్నారు, తెలుసు," అన్నాడు సిమ్‌ఫుక్వే చివరికి. ఆ గొంతులో మొదటిసారి పంచదార లేదు. "కట్టించుకునేవాళ్ల దగ్గరికి నేను వెళితే, నాకూ ఒక ముతాలేని చూపిస్తారండీ. వాడు తోట కూడా వేసి ఇస్తాడట. ఇంతవరకూ వాణ్ని నేను చూడలేదు."

కంపాంబాకి ఏమనాలో తోచక, పెద్ద కాంట్రాక్టర్లకి కూడా సంఘం ఉంటే మంచిదన్నాడు. సిమ్‌ఫుక్వే నవ్వలేదు గానీ పరంజాకీ నీళ్లకీ ఒప్పుకున్నాడు. చెక్కిన గోడల దగ్గర మాత్రం సగమే దిగివచ్చాడు.

హాస్టలు ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. మునుపైతే కంపాంబా అంతా తనకే కావాలని పట్టుబట్టి సగంలో చతికిలబడేవాడు. ఇప్పుడు భవనంలో ఒక పక్క రెక్క ఆయన, ఇంకో పక్క రెక్క ముతాలే పట్టుకున్నారు. మెట్ల దగ్గర రెండు పూతలూ కలుస్తాయి. చూడటానికి వచ్చిన ఇంజినీరు గోడని వేళ్లతో తట్టుకుంటూ నడిచాడు. ఒక వైపు గోడ నిండుగా పలికింది. రెండో వైపు అక్కడక్కడా, పూత ఇటుకని పట్టుకోనట్టు, డొల్లగా మోగింది. నిండుగా పలికిన గోడ దగ్గర ఆగి, చాలా బాగా చేశారని కంపాంబా చెయ్యి పట్టుకుని ఊపాడు. అది ముతాలే గోడ. కంపాంబా థాంక్స్ చెప్పాడు. వెనక్కి తిరిగితే మెట్ల మీద ఆవిడే నిలబడి ఉంది.

ఏదో ఒకటి అంటుందని కాచుకున్నాడు. ఆవిడ నోరు తెరిచేలోపే, పూత అలా పట్టుకోవడానికి ఏం చేస్తారని తనే అడిగాడు. అంతకాలం పనిలో ఉండి అలాంటి ప్రశ్న ఒక మనిషిని అడగడం అదే మొదటిసారి.

"ముందు ఇటుకని తడపాలి. తర్వాత పల్చటి సిమెంటు మాలు చిమ్మి ఆరనివ్వాలి. ఆ తర్వాతే అసలు పూత," అంది ముతాలే. "మీరు తడపరా?"

"తొందరలో ఒక్కోసారి..."

"ఒక్కోసారా?"

"ఎప్పుడూ తడపను," అన్నాడు కంపాంబా.

మర్నాడు పొద్దున ఆవిడ తన పెద్ద మేస్త్రీని పంపింది. కంపాంబా మనుషులు మొహాలు ముడుచుకుని, పక్కవాళ్ల దగ్గర నేర్చుకునే గతి పట్టిందని గొణుక్కుంటూ పని చేశారు. కంపాంబా కూడా చొక్కా చేతులు మడిచి, వాళ్ల పక్కనే నిలబడి నేర్చుకున్నాడు. డొల్లగా మోగిన చోట్లన్నీ కొట్టించి మళ్లీ పూయించాడు. ఆ ఖర్చు గురించి ఎవరినీ ఏమీ అడగలేదు, అడిగే మొహం లేదని ఆయనే అంటాడు. ఈసారి ఇంజినీరు వచ్చి తట్టుకుంటూ పోతుంటే, కంపాంబా ఆయన వెనకే తనూ ఒక వేలితో తట్టుకుంటూ నడిచాడు.